మూత వెనక వేసిన వైరు

మా అన్నయ్య మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసపడతాడు. ఆ దగ్గు వినబడినప్పుడల్లా నాకు ఒక కాంట్రాక్టరు మొహం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోతుంది.

అన్నయ్య అతని దగ్గర వైర్‌మన్‌గా చేసేవాడు. మా దీవిలో హాడో అనే పేటలో ఒక క్వార్టర్స్ బ్లాకుకి మెట్ల కింద కరెంటు ప్యానెల్ పెట్టారు. పెట్టె లోపలి వైరింగంతా కాంట్రాక్టరు షెడ్డులోనే అయిపోయి వచ్చింది. అన్నయ్య దాన్ని గోడకి బిగించి బయటి కేబుళ్ళు కలిపాడు, అంతే. వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ పెట్టె అంటుకుంది. నల్లటి పొగ మెట్లన్నీ కమ్మేసింది. పై అంతస్తు వాళ్ళని దింపడానికి అన్నయ్య ఆ పొగలోకే వెళ్ళాడు. అందరూ బతికి బయటపడ్డారు. అన్నయ్య ఊపిరితిత్తులు మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు.

మంట ఆరాక, బ్లాకు జనమంతా నిలబడి చూస్తుండగా కాంట్రాక్టరు అన్నయ్య వైపు వేలు చూపించాడు.

"ఇసీ నే స్క్రూ ఢీలా ఛోడా. వీడు టైట్ చెయ్యలేదు."

మంట పుట్టింది స్క్రూల దగ్గర కాదు, వైర్లు పరిచిన చానల్ లోపల అని అన్నయ్య దగ్గుతూనే చెప్పాడు. ఎవరు వింటారు? మర్నాటికి కాలిన పెట్టె తుక్కులోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అన్నయ్యని పనికి పిలిచినవాడు లేడు. బతు బస్తీలో మొబైల్ రీచార్జ్ కొట్టు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడు.

కరెంటు పనులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. అదే బ్లాకుకి కొత్త ప్యానెల్ పని మళ్ళీ ఆ పెద్దమనిషికే దక్కిందనీ, తనిఖీ నాదనీ తెలిసిన రోజు ఇంట్లో పాయసం చేశాను.

లోపల ఏ వైరు వాడాలో షరతు పెట్టింది నేనే. మూసిన పెట్టెలో వేడి ఊరికే పోదు, పైగా మాది ఉక్కపోత ఊరు. మామూలు వైరు పైతొడుగు ఆ వేడికి మెత్తబడుతుంది, అంటుకుందా, ఘాటైన నల్లపొగ కక్కుతుంది. అందుకని ఎక్కువ వేడికి ఓర్చుకునేదీ, కాలినా పల్చటి పొగే వదిలేదీ అయిన హాలోజన్ లేని రకమే వెయ్యాలన్నాను. అది చెన్నై నుంచి ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే చేతికందింది వేసి పని ముగించేయడం మా దీవుల అలవాటు. "షిప్ నహీ ఆయా" అంటే ఇక్కడ ఏ తప్పయినా చెల్లిపోతుంది. అప్పుడూ సముద్రం బాగోలేక ఓడ ఆగిపోయింది. బ్రూక్షాబాద్‌లో అతని షెడ్డు ముందు నుంచి పోతూ మామూలు బజారు వైరు చుట్టలు కళ్ళారా చూశాను. అక్కడే ఆపొచ్చు. ఆపలేదు. పూర్తిగా వేసుకోనీ అనుకున్నాను. ఆ మాటకి ఈ రోజుకీ నాకు విచారం లేదు.

తనిఖీ రోజు అన్నయ్యని బలవంతాన తీసుకెళ్ళి జనం వెనక నిలబెట్టాను. ప్యానెల్‌కి బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించారు.

"సబ్ ఓకే మేడమ్. కొబ్బరికాయ కొట్టేద్దామా?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఆగండి" అని చానల్ మూత ఊడదీశాను. బయటికి కనబడేంత మేరా మంచి వైరు, పాత సరుకులో మిగిలిన ముక్కలు కాబోలు. మూత వెనకంతా బజారుది. ఒక ముక్క కత్తిరించి ఆరుబయటకి తెచ్చి లైటరుతో అంటించాను. నల్లగా లేచింది పొగ. ముక్కు మూసుకున్న ఒకావిడ "ఆ రోజూ ఇదే కంపు" అంది.

కాంట్రాక్టరు గబగబా నా దగ్గరికొచ్చాడు.

"క్యా దీదీ, షిప్ రాలేదు కదా! హమేషా యహీ డాల్తే హైఁ, ఎప్పుడూ ఇదే వేస్తాం. పాత ప్యానెల్‌లో కూడా ఇదే వేశాం, అప్పుడెవరూ అడగలేదు."

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగి అన్నయ్యని చూశారు. నా కడుపు చల్లబడింది.

అన్నయ్య వాళ్ళని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. దగ్గు ఆగేదాకా నిలబడ్డాడు.

"ఫిర్ సే బోలో భయ్యా. వెనకాల వాళ్ళకి వినబడలేదు."

కాంట్రాక్టరు నా వైపు చూశాడు. నేను ఊడదీసిన మూత చూపించాను. అతను తల దించుకుని, పాత ప్యానెల్‌లోనూ ఈ వైరే వేశామని, తప్పు దానిదేనని అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఇప్పుడు నా పేరు పెట్టి చెప్పు, తప్పు నాది కాదని" అన్నాడు అన్నయ్య.