హబీబును ఇంకా తిట్టలేదు

హెబ్రోను మేస్త్రీ ఎదురుపడిన మనిషిని తిట్టకుండా వదలడు. ఆయన గురించి చెప్పాల్సింది ఇంతే. మిగతాదంతా నా కడుపుమంట.

ఇందుకూరుపేట దాటాక, మైపాడు దారిలో ఆయన ఇల్లు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ఇంటి వెనక రెండెకరాల రొయ్యల గుంట ఉంది. కరెంటు పోయిందంటే గుంటలో ఏరియేటర్లు ఆగిపోతాయి, రొయ్యలకు గాలి అందదు, మేస్త్రీ సెల్‌ఫోను తీస్తాడు.

"ఎవుర్రా సబ్‌స్టేషన్లో? కరెంటు తీసేసినావా? కరెంటంటే ఏందో తెల్సా నీకు? హిమాలయాల్లో కొండ తొలిచి, ఏటిని మలిపి, నీళ్ళను లోయలోకి దూకిచ్చి తీసినాను రా నేను! నీకు స్విచ్చి నొక్కేదానికి చెయ్యి నొప్పా?"

ఆ కొండల్లో పుట్టిన కరెంటు మైపాడు దాకా రాదని చాలాసార్లు చెప్పి చూశాను. "వచ్చే దోవ నువ్వు చూసినావా?" అని నన్ను తిట్టాడు. ఆయన లెక్కలో దేశంలో వెలిగే ప్రతి బల్బూ ఆయన సొరంగంలోంచే వెలుగుతుంది.

నా పేరు సుశీల్ కుమార్, మాది బోగోలు. పన్నెండేళ్ళ కిందట ఉత్తరాది మంచుకొండల్లో కడుతున్న ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో నేను టైమ్‌కీపరుని. ఏటికి అడ్డంగా ఆనకట్ట, అక్కడి నుంచి కొండ కడుపులో ఏడు కిలోమీటర్ల సొరంగం, సొరంగం చివర లోయలో పవర్‌హౌసు. నీళ్ళు సొరంగంలో దూరి, చివర్లో నిలువునా కిందికి పడి, టర్బైన్లు తిప్పాలి. చెప్పడానికి రెండు ముక్కలు, తొలవడానికి ఐదేళ్ళు. ఆ పనికి మన నెల్లూరు కోస్తా నుంచి నలభై మందిని పోగుచేసి తీసుకుపోయినవాడు హెబ్రోను మేస్త్రీ.

ఇసుక దిబ్బ కంటే ఎత్తయినది ఎక్కి ఎరగని మనుషులం. బస్సు దిగి, మెడలు వెనక్కి వంచి, ఆ కొండలను చూస్తూ నోళ్ళు తెరిచి నిలబడిపోయాం. మేస్త్రీ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని కొండ వైపు తిరిగాడు.

"ఇంత ఎత్తు దేనికే నీకు? ఎవుర్ని చూడాల?"

తిట్లు అక్కడ మొదలయ్యాయి. సొరంగం మూతి దగ్గర ఆయన నిలబడేవాడు. పొద్దున లోపలికి పోయే ప్రతివాడికీ ఒకటి, సాయంత్రం బయటికి వచ్చే ప్రతివాడికీ ఇంకొకటి. అందరినీ కలిపి తిట్టడం ఆయనకు చేతకాదు. ఎవడిది వాడికి విడిగా, పేరు పెట్టి, కళ్ళలోకి చూసి తిట్టాలి. నిన్నటి తిట్టు ఇవాళ పనికిరాదు.

"ఏమయ్యా చిన్నపోలయ్యా, ఎడమ బూటు కుడి కాలికి తొడిగినావే, ఇంకో తూరి తలకాయ కూడా మార్చి పెట్టుకొస్తావా?"

"ఏం హబీబూ, పంపుకు రిపేరు చేస్తుండావా, కతలు చెప్తుండావా? పొద్దస్తమానం దాని పక్కనే!"

ఎవరైనా పట్టాల మీద నడిచే మట్టి బండి చాటున జారుకోబోతే వెనక్కి పిలిచేవాడు. "యోవ్, తిట్టిచ్చుకోకుండా యాడికి పోతుండావు?"

నాకు ఇంకా ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. సొరంగం మూతి దగ్గర ఒక చెక్క బోర్డు ఉండేది, దానికి నంబర్లు వేసిన మేకులు. లోపలికి పోయేవాడు తన ఇత్తడి బిళ్ళ మేకుకు తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితే సొరంగం ఖాళీ. అప్పుడు నేను రిజిస్టర్లో సంతకం పెడతాను, రాతిలో పెట్టిన మందు పేలుస్తారు. అంత బాధ్యత గల బోర్డు అది. రోజూ తుడిచి, నంబర్లకు రంగు వేసి, కన్నబిడ్డలా చూసుకునేవాణ్ణి. మేస్త్రీ దాని పక్కనే నిలబడి దాని వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు.

"ఈ చెక్కకేం తెల్సురా మనుషుల సంగతి?" అనేవాడు. నా మొహాన ఉమ్మేసినట్టుండేది.

అయితే నిజం దాచకూడదు. ఆ బోర్డు విషయంలో మనవాళ్ళ మర్యాద ఒకటుంది. క్యాంటీన్లో స్నేహితుడి కంచం మనమే కడుగుతాం, వాడి లుంగీ మనమే ఆరేస్తాం. అదే చేత్తో, "నీ బిళ్ళ నేను తీసుకుపోతాలే, నువ్వు నింపాదిగా రా" అని వాడి బిళ్ళ కూడా తీసి జేబులో వేసుకునేవాళ్ళు. తీయకూడదు. నేను చూశాను. మన ఊళ్ళవాళ్ళే గదా అని ఊరుకున్నాను.

చిన్నపోలయ్యకు ఆడపిల్ల పుట్టిందని ఇంటి నుంచి ఫోను వచ్చిన రోజు మా ఓపిక చచ్చింది. పాపం, లడ్డూల డబ్బా పట్టుకుని మేస్త్రీకే ముందు ఇద్దామని పరుగెత్తాడు.

"అన్నా, పాప!"

"పాప పుడితే పట్టాల మీద నిలబడాలని యాడ రాసుండాది? ఎనకాల బండొస్తుండాది, జరుగు, దరిద్రుడా!"

లడ్డూలు బురదలో దొర్లాయి. ఆ సాయంత్రం అందరం మా రేకుల షెడ్డులో కూర్చుని మేస్త్రీ మీద ఫిర్యాదు రాశాం. రాసింది నేనే. 'నిత్య దూషణల వల్ల శ్రామికుల ఆత్మగౌరవం క్షీణించి, మనోవేదన మిక్కుటమై' అని మొదలుపెట్టి మూడు పేజీలు దంచాను. అంత మంచి తెలుగు నా జీవితంలో మళ్ళీ రాయలేదు. అందరూ సంతకాలు పెట్టారు. టైమ్‌కీపరు ఏ పక్షమూ వహించకూడదని చెప్పి నేను పెట్టలేదు. సోమవారం విచారణ అనీ, తప్పు రుజువైతే మేస్త్రీని ఇంటికి పంపేస్తామనీ షిఫ్టు ఇంజనీరు బెన్హర్ చెప్పాడు. నెల్లూరు టౌను నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, చాలా నియమాల మనిషి. ఇంక రెండు రోజులు ఓర్చుకుంటే చాలని మాకు పండగలా ఉంది.

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు రాతిలో మందు కూర్చడం అయిపోయింది. మనుషులంతా బయటికి వచ్చి షెడ్డు దారి పట్టారు. బోర్డు చూశాను, ఖాళీ. సంతకం పెట్టాను. సైరన్ మోగింది. తీరా చూస్తే పేల్చే మిషను పెట్టె మీద హెబ్రోను మేస్త్రీ కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రీ, లేవండి, టైమయింది," అన్నాడు బెన్హర్.

"లెయ్యను."

"బోర్డు ఖాళీ. సుశీల్ సంతకం కూడా పెట్టాడు."

"బోర్డు ఖాళీ అయితే నాకేంది? హబీబును ఇంకా తిట్టలేదు."

"రేపు తిట్టండి!"

"ఇయ్యాల్టిది ఇయ్యాలే తిట్టాల."

బెన్హర్ మొహం ఎర్రబడింది. నాకైతే రక్తం ఉడికిపోయింది. "ఈయనకు ముదిరింది సార్! నా సంతకానికి విలువ లేదా? హబీబు షెడ్డులో పడుకుని ఉంటాడు. పిలిపించండి, ఆ తిట్టేదో తిట్టించుకుని పోతాడు!" అని అరిచాను.

ఒకడు షెడ్డుకు పరుగెత్తాడు. హబీబు లేడు. ఇంకొకడు క్యాంటీనుకు పోయాడు. అక్కడా లేడు. అప్పుడు చిన్నపోలయ్య మెల్లగా జేబులో చెయ్యి పెట్టి బయటికి తీశాడు. అరచేతిలో రెండు బిళ్ళలున్నాయి.

"నా ఎనకాలే వస్తానన్నాడు అన్నా," అన్నాడు.

మేస్త్రీ లేచాడు. పేల్చే మిషను తాళంచెవి పీకి బెన్హర్ చేతిలో పెట్టి, సొరంగంలోకి పరుగెత్తాడు. వెనకాలే మేము. హబీబు ఎక్కడున్నాడంటే, మందు కూర్చిన రాతికి యాభై అడుగుల ఇవతల, నీళ్ళు తోడే గుంటలో. పైపు జారి కాలి మీద పడింది. ఎంత అరిచినా పంపు మోతలో వాడి అరుపు వాడికే వినపడలేదు. నలుగురం పట్టి పైపు లేపితే మేస్త్రీ వాణ్ణి బయటికి లాగి వీపున వేసుకున్నాడు.

బయటికి వచ్చేదాకా, ఆ దారి పొడవునా, ఆయన నోరు మూతపడలేదు.

"పంపు నీకు పెళ్ళామా, బిడ్డా? ఊళ్ళో నీ పెళ్ళాం షాహనా నీకోసరం ఎదురు చూస్తా ఉంటే నువ్వు ఈడ గుంటలో కాపరం పెట్టినావా? పైపు మీద పడతా ఉంటే కాలు తీసుకునేదానికి ఎవుడి పర్మిషను కావాల్సొచ్చింది? గట్టిగా పట్టుకోరా, జారిపోతుండావు, సన్నాసి!"

హబీబు ఆయన మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ, ప్రతి తిట్టుకూ "అట్నే అన్నా, అట్నే" అన్నాడు.

మిషను తాళం తిప్పింది ఆ తర్వాతే. కొండ అదిరింది. నేను రిజిస్టరు ముందు కూర్చుని నా సంతకం చూస్తూ ఉండిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అన్నాళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపమంతా నా వైపు తిరిగి కూర్చుంది.

సోమవారం విచారణకు అందరం తలలు వంచుకుని పోయాం. బెన్హర్ ఫిర్యాదు కాగితాలు చించబోతుంటే మేస్త్రీ లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, మూడు పేజీలూ తిప్పేసి, చివరి పేజీలో సంతకాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ముప్పై తొమ్మిది," అన్నాడు. తలెత్తి గుడ్లురిమాడు. "ఇంకొకడు ఏడి? నలభై మందిని తీసుకొచ్చినాను. ఎవుర్రా రానిది?"

నా చెవులు వేడెక్కాయి.

"నేను, మేస్త్రీ. రాసింది కూడా నేనే."

"రాసినోడివి సంతకం ఎందుకు పెట్టలా?"

"భయమేసి."

జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "పెట్టు."

పెట్టాను. ఆయన కాగితాలు బెన్హర్ బల్ల మీద వేశాడు. "ఇప్పుడు అందరూ వచ్చినారు. ఇంక నన్ను పంపేదయితే పంపిచ్చండి సారూ."

బెన్హర్ ఆ కాగితాలను ఎన్ని ముక్కలు చేయవచ్చో అన్ని ముక్కలు చేశాడు. చిన్నపోలయ్యకు మాత్రం సందేహం తీరలేదు.

"మనుషుల్ని చూసుకునేదానికయితే పేరు పిలిస్తే చాలదా అన్నా? తిట్టేదెందుకు?"

"పేరు పిలిస్తే పక్కనోడు పలుకుతాడురా. మీ సంగతి నాకు తెలీదా? ఒకడి బిళ్ళ ఇంకొకడు తీస్తాడు, ఒకడి పేరుకు ఇంకొకడు 'ఆ' అంటాడు. తిట్టు మాత్రం ఎవుడిది వాడే తినాల. ఇంకొకడి తిట్టుకు మొహం మాడ్చుకునేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలా."

ఆ రోజు నుంచి సాయంత్రాలు మేమే వరుసలో నిలబడి తిట్లు తిన్నాం. ప్రాజెక్టు పూర్తయింది, టర్బైన్లు తిరిగాయి. ఆనకట్ట దగ్గర నల్లరాతి మీద పదకొండు పేర్లు చెక్కారు. అందులో ఒక్క మహానుభావుడు కూడా సొరంగంలో బురద తొక్కలేదు. హెబ్రోను పేరు లేదు. ఆ రాయి తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది. మేస్త్రీకి చెబితే, "లోపలికి రానోళ్ళను నేను తిట్టను. ఆ పేర్లు నాకెందుకు?" అన్నాడు.

ఏటా ఎండలు ముదిరే ముందు ఒక శనివారం మైపాడు బీచిలో మేమంతా కలుస్తాం. ఈ ఏడు మేస్త్రీ కాక ఇరవై ఇద్దరం వచ్చాం. అందరం నీళ్ళలో దిగాం. మేస్త్రీ తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డున నిలబడి, పైకి వచ్చినవాణ్ణి వచ్చినట్టు తిడుతున్నాడు. ఇంతలో ఇంటి దగ్గర కరెంటు పోయినట్టు కబురొచ్చింది. ఆయన అటు తిరిగి సబ్‌స్టేషనుకు ఫోను చేస్తుండగా నేను చప్పుడు చేయకుండా పైకొచ్చి, బట్టలు మార్చుకుని, మినీ బస్సు ఎక్కేశాను. ఏడాదికి ఒక్క తిట్టు తప్పించుకున్నా లాభమే అనుకున్నాను.

ఆయన భార్య రెబెక్కమ్మగారు వండి తెచ్చిన చేపల పులుసుతో సగం అన్నం తిన్నాను. దాదాపు అందరూ ఎక్కారు. బస్సు కదల్లేదు.

"ఏందక్కా ఆలస్యం?" అని అడిగాను.

"ఎవురో ఇంకొకరు రాలేదంట సుశీలూ. ఆయన నీళ్ళలోకి దిగినాడు," అని తిరిగి నన్ను చూసి ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నువ్వు ఈడే ఉండావే! పో నాయనా, పోయి తిట్టిచ్చుకో. ఆయనకు బీపీ ఉండాది!"

కిటికీలోంచి చూశాను. మేస్త్రీ నడుం లోతు నీళ్ళలో నిలబడి, వేలు చూపిస్తూ బంగాళాఖాతాన్ని తిడుతున్నాడు. కుంటి కాలితో హబీబు ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు.

"ఏయ్, ఇరవై ఒకర్ని ఇచ్చి ఒకణ్ణి దాచుకుంటావా? ఏటినే మలిపినోణ్ణి నేను! మర్యాదగా ఇయ్యి వాణ్ణి!"

ఎంగిలి చేత్తోనే దూకి పరుగెత్తాను. "మేస్త్రీ! నేను ఈడుండాను!"

ఆయన తిరిగాడు. అల ఒకటి వచ్చి నడుముకు తగిలినా కదల్లేదు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"చేతిలో ఏంది?"

"చేప ముక్క."

"నీకోసరం నేను సముద్రంతో కొట్లాడతా ఉంటే నువ్వు కూర్చోని చేప తింటుండావా? దరిద్రుడా! బిళ్ళల దొరా! దొంగసంతకాల సన్నాసీ!"

ఇసుకలో నా భుజం పట్టుకుని నడుస్తూ, బస్సు దాకా తిట్టాడు. ఒక్కటి కూడా పాతది కాదు. మెట్టు ఎక్కి, తడి బట్టలతోనే సీట్లో కూలబడి, డ్రైవరుతో అన్నాడు.

"అందరూ వచ్చినారు. ఇంక పోనీ."