బీరులో సముద్రపు నాచు

సైన్స్ పార్కులో పని పెరిగినకొద్దీ మా ఆయనకు ఇల్లు పడుకునే చోటుగా మిగిలింది. ఐటీ ఊపు మీదున్న రోజులు. ఒక ప్రాజెక్టు అవ్వకముందే ఇంకోటి నెత్తిన పడేది. దేశం కాని దేశంలో, బూన్ లే పేటలోని ఫ్లాట్‌లో నేను గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఆదివారం మాత్రం ఇద్దరం కలిసి ఇంట్లో బీరు కాచేవాళ్లం. వారం మొత్తంలో మేం కలిసి చేసే పని అదొక్కటే. నేను చేప, మాంసం ముట్టను, బీరు మాత్రం తాగుతాను. దీని మీద ఇక్కడి తెలుగు ఆంటీలు ఎన్ని వేళాకోళాలాడారో. ఆడనీ అని ఊరుకున్నాను.

మొదటిసారి కాచింది బురదనీళ్లలా వచ్చింది. గోదావరి వరద నీళ్లను మా అమ్మ చిల్లగింజ అరగదీసి తేర్చేది. ఇక్కడా అదే పనిచేస్తుందనుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న గింజ అరగదీసి మరుగుతున్న మాల్టు నీళ్లలో కలిపాను. బీరు తేరలేదు సరికదా, వగరెక్కింది. "మీ గోదావరి మహిమ" అంటూ ఆయన పడీపడీ నవ్వి, ఆ వగరుతోనే మొత్తం తాగేశారు. అంత నవ్వు ఆ ఇంట్లో నేను మళ్లీ వినలేదు.

మరుసటి వారం బీరు సరుకులమ్మే కొట్టుకి వెళ్లాం. బీరు తేరడానికి వేసేవంటూ కొట్టు అంకుల్ మూడు పొట్లాలు ముందు పెట్టాడు. ఒకటి చేప తిత్తి నుంచి తీసింది, ఇంకోటి పశువుల ఎముకలు ఉడికించి తీసిన జెలటిన్, మూడోది ఎండిన సముద్రపు నాచు. జెలటిన్ వేస్తే అద్దంలా తేరుతుందట, నాచుతో కాస్త మసక మిగులుతుందట. మా ఆయన జెలటిన్ చేతిలోకి తీసుకుని, నా వైపు చూసి, కింద పెట్టేశారు. మా ఆవిడ తాగాలి కదా అని ఇంగ్లీషులో చెప్పారు.

"వెజిటేరియన్ ఆ? దెన్ సీవీడ్ లా," అన్నాడు అంకుల్ ఇక్కడి యాసలో, నాచు పొట్లం ముందుకు తోస్తూ.

ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని ట్రైన్‌లో కూర్చుంటే ఎంత సంతోషమేసిందో. నగ కొనిచ్చినా అంత వేసేది కాదు.

తర్వాత ఆయన్ని టీమ్‌కి పెద్దను చేశారు. ఆదివారాలూ ఆఫీసుకే పోయాయి. ఎప్పుడైనా తీరిక దొరికితే, నేను గుడికి వెళ్లిన వేళ చూసి ఒక్కరే కాచేసుకునేవారు. నేను వచ్చేసరికి గిన్నెలు కూడా కడిగి ఉండేవి. ఒళ్లు మండేది. పోనీలే, అలిసిపోయారు అని మింగేదాన్ని.

ఒక సాయంత్రం ఫ్రిజ్ తెరిస్తే కొత్త సీసాలు కనిపించాయి. ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. అవతలి బ్లాకులో కర్రలకు ఆరేసిన బట్టలు అందులోంచి కనిపించాయి. నాచు ఎప్పుడూ అంత తేటగా తేర్చలేదు.

"ఇందులో ఏం వేశారండీ?"

ఆయన లాప్‌టాప్ నుంచి తలెత్తలేదు. "జెలటిన్. శనివారం మా టీమ్ వస్తోంది. మసగ్గా ఉంటే బాగోదు."

"మరి నాకు?"

అప్పుడు తలెత్తారు. మరిచిపోయిన మనిషి మొహం కాదది. మరిచిపోయి ఉన్నా నయమే అనిపించింది.

"నీకు జ్యూస్ తెచ్చాను కదా," అన్నారు.

శనివారం వచ్చినవాళ్లంతా బీరును తెగ మెచ్చుకున్నారు. నేను జ్యూస్ గ్లాసుతో వాళ్ల మధ్యే కూర్చున్నాను. మీరు తాగరా అని ఒకమ్మాయి మర్యాదగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"తనకి అలవాటు లేదు."