ఐదు సంతకాల సంప్రదాయం

చరిత్రకారులు దండయాత్రల్ని గ్రంథాలకెక్కించారు గానీ, లాయరు గోవర్ధన్ గారి ఐదు సంతకాల్ని ఎవరూ పట్టించుకోలేదు. సెలవు మీద వెళ్లే ముందు ఆయన ఐదు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి డ్రాయర్లో పెడతారు. ఇల్లు కొనేవాళ్ల డబ్బును బ్యాంకు నుంచి విడిపించే ఫారాలవి. అది తప్పని ఆయనకూ తెలుసు. "అర్జెంటు పనులు ఆగుతాయా నిగార్?" అంటుంటారు. పదిహేడేళ్లుగా ఆ డ్రాయరు తాళం గుమాస్తా నిగార్ ఆంటీ దగ్గరే ఉంటోంది.

ఈసారి ఆయన విహారానికి ఓడెక్కిన మూడో రోజు ఆమె డ్రాయరు తీసింది. నాలుగే ఉన్నాయి.

పాసిర్ రిస్ పేటలో ఫ్లాటు కొంటున్న ఒక జంట పొదుపంతా ఆ ఫారంతో విడిపించే బ్యాంకు ఖాతాలోనే ఉంది. డబ్బు కదలాలంటే అమ్మేవాళ్ల లాయరు సంతకం కూడా కావాలి, నిజమే. కానీ ఒకటి దొరికిన దొంగకు రెండోది గీకడం ఎంతసేపు? డబ్బు పోతే కట్టాల్సింది గోవర్ధన్ గారే, లైసెన్సు పోయేదీ ఆయనదే. జైలు మాత్రం తాళం ఉన్నవాళ్లకి.

"భువనా, ఒక ఫారం నువ్వేమైనా తీశావా?"

"నాకేం తెలుసు ఆంటీ? తాళం మీ దగ్గరే కదా," అంది పక్క బల్ల భువన, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

బ్యాంకువాళ్లు "ఇంకా ఏమీ కదల్లేదు" అన్నారు. ఆ "ఇంకా" దెబ్బకి నిగార్‌కు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఓడ రేవుకు చేరాక ఫోన్ కలిసింది.

"సార్, ఐదో కాగితం కనబడట్లేదు. అల్లా కసమ్, నేను తీయలేదు!"

"ఐదోదా? పెన్నులో ఇంకు అయిపోయిందమ్మా. నాలుగే పెట్టాను."