పరీక్ష మర్నాటి ఆపరేషన్

మా మెస్ అక్క పోయిందన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆ రోజు కూరలేమిటో రోజూ పొద్దున్నే అక్క రాసే గ్రూప్ అది. మెసేజ్ రాగానే బెండకాయో దొండకాయో అనుకుంటూ తెరిచాను. "అక్క తెల్లారుజామున చనిపోయింది. మెస్ లేదు" అని అక్క చెల్లెలు రాసింది. అప్పుడు నేను జగిత్యాల దగ్గర మా ఊళ్లో, ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఉన్నాను. పరీక్ష వాయిదా పడిందని ఇంటికి వచ్చాను. ఆ వాయిదా గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది, కానీ ముందు అక్క గురించి చెప్పాలి.

అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే మాలాంటి నలభై మందికి రెండు పూటలా వండిపెట్టేది ఆమె. నాకు ముప్పై ఒకటి, ఆమెకు యాభై దాటి ఉంటాయి, అయినా అందరికీ అక్కే. భర్త పోయాక ఊరొదిలి వచ్చి మెస్ పెట్టిందని అనుకునేవారు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్ష రాసి వచ్చిన వాణ్ణి పేపర్ ఎలా ఉందని అడిగే అలవాటు ఆమెకు లేదు. "తిన్నవా" అని మాత్రం అడిగేది. "ఆకలితోని చదివింది ఒక్కటి గూడ యాదుండదు తమ్మీ" అనేది. ఆరేళ్లు చదివినా నాకు ఉద్యోగం రాలేదు, కానీ ఆకలితో చదివానని మాత్రం చెప్పలేను.

నిరుడు చిక్కడపల్లి లైబ్రరీలో చదువుతుంటే కుడి డొక్క కింద నొప్పి లేచి వీపు దాకా పాకింది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. రెండోసారి వచ్చినప్పుడు స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఒక్క పూటలో హాస్టల్ అంతా వైద్యులైపోయారు. ఒకడు ఉలవచారు తాగమన్నాడు, ఇంకొకడు అరటిదూట రసం తెచ్చాడు. అవి కిడ్నీ రాళ్లకు చెప్పుకునేవి, కానీ రాయి ఎక్కడున్నా రాయే కదా అని మా లెక్క. రాజ్యాంగంలో ఏ అధికరణ ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం గానీ పొట్టలో ఏది ఎక్కడుందో మాకెవరికీ తెలియదు.

అక్క మాత్రం ఏ రసమూ తాగమనలేదు. ఒక చిన్న గిన్నెలో పోపు లేని పప్పు, ఉడికించిన సొరకాయ, వెన్న తీసిన మజ్జిగ వేరుగా పెట్టడం మొదలుపెట్టింది. రెండు వారాల్లో నొప్పి మాయమైంది. రాయి కరిగిపోయిందని సంబరపడి ఆపరేషన్ వద్దన్నాను. అక్క ఊరుకోకుండా ఆటో ఎక్కించి నారాయణగూడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నూనె తగ్గిస్తే పిత్తాశయానికి పని తగ్గి నొప్పి తగ్గుతుందని, రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుందని ఆయన చెప్పాడు. మా అమ్మ భయపడుతుందని ఇంట్లో చెప్పలేదు. ఆపరేషన్ కాగితం మీద సంతకం అక్కే చేసింది. సంబంధం అని ఉన్నచోట 'అక్క' అని రాసింది. ఆపరేషన్ రోజు పొద్దున వంట ముగించి వచ్చింది, సాయంత్రం వంటకు వెళ్లింది, మళ్లీ వచ్చింది.

నెల తిరిగాక అన్నీ తినొచ్చని డాక్టరు చెప్పాడు. అయినా వంటింట్లో ఆ చిన్న గిన్నె కనిపిస్తూనే ఉంది. నన్నింకా ముద్దు చేస్తోందని లోలోపల పొంగిపోయి, ఒక రోజు, "అక్కా, ఇగ నాకు పోపు పెట్టొచ్చు" అన్నాను.

"నీకెవరు వండిన్రు? అది నాది" అంది.

ఆమెకు నాకంటే ముందు నుంచే రాళ్లున్నాయి. నాకు పెట్టిన పథ్యం తన కంచంలోంచి పంచి పెట్టిందేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"రాయి కరగదని డాక్టరు చెప్తుంటే నువ్వు గూడ విన్నవ్ గదా" అన్నాను కోపంగా.

"కరగదని నాకెరుకే. జర సప్పుడు జేయకుంట ఉంటది, అంతే. మీ పరీక్ష కానియ్. నడుమల బంద్ పెడితే మీరు హోటళ్లల్ల తిని పొట్టలు ఖరాబ్ చేసుకుంటరు. పరీక్ష అయిన మర్నాడే పోయి పడుకుంట."

నేనే వెంటపడి, నాకు ఆపరేషన్ చేసిన చోటే, పరీక్ష మర్నాటికి డేటు రాయించాను.

ఆ తర్వాత మేము పరీక్ష వాయిదా వేయాలని రోడ్డెక్కాం. మా కారణాలు మాకున్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. గొంతు పోయేదాకా అరిచిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండు నెలలు వాయిదా వచ్చింది. ఆ సాయంత్రం మెస్‌లో స్వీట్లు పంచుకున్నాం. అక్క కూడా నవ్వుతూ తిరిగింది. అందరూ వెళ్లాక నా చేతికి ఆసుపత్రి కాగితం ఇచ్చి, "నాది గూడ మార్పించుకరా తమ్మీ" అంది.

అందరూ ఊళ్లకు పోతున్నారు, ఇప్పుడే చేయించుకో అని ఆ క్షణాన ఒక్క మాట అనాల్సింది. వాయిదా మత్తులో నాకు తోచలేదు. నారాయణగూడ వెళ్లాను. కౌంటర్ దగ్గర అమ్మాయి క్యాలెండర్ చూసి, పాత డేటు కొట్టేసి, కొత్త పరీక్షకు మర్నాటి డేటు రాసింది. ఎంత సులువుగా అయిపోయిందో అనుకుంటూ బయట నిలబడి చాయ్ కూడా తాగాను.

మిగతాది అక్క చెల్లెలు తర్వాత చెప్పింది. నేను ఊరెళ్లిన వారానికి అక్కకు చలిజ్వరం వచ్చి కళ్లు పచ్చబడ్డాయి. ఇవి కామెర్లు, రాళ్ల సంగతి వేరే అనుకుని, ఎవరితోనో ఆకు పసరు తెప్పించుకుని తాగి, చప్పిడి పథ్యం పట్టింది. రాయి జారి పిత్తనాళానికి అడ్డం పడ్డా కళ్లు అలాగే పచ్చబడతాయని ఆమెకు తెలియదు, చెల్లెలికీ తెలియదు. ఊళ్లకు పోకుండా మిగిలిన పది పదిహేను మందికి ఆ జ్వరంతోనే వండింది. ఐదో రోజు పొయ్యి దగ్గర కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. రెండు రోజులే ఉంది.

ఆ ఐదు రోజుల్లో ఒకసారి నాకు ఫోన్ చేసింది. "తిన్నవా" అంది. తిన్నానని చెప్పి, సిలబస్ గురించి, వాయిదా గురించి పావుగంట మాట్లాడాను. నువ్వెట్లున్నవ్ అని అడగలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇప్పుడు వేరే మెస్‌లో తింటున్నాను. వంట బాగానే ఉంటుంది. తిన్నానో లేదో అక్కడెవరికీ పట్టదు, పట్టాలని నాకూ లేదు.

చివరికి మొన్న ఆ పరీక్ష జరిగింది. రాశాను. మర్నాడు నారాయణగూడ వెళ్లాను. అక్క రాదని చెబితే ఆ మంచం ఇంకెవరికైనా ఇస్తారని అనుకున్నాను. కౌంటర్ దగ్గర జనం ఉంటే కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి ఇంటిపేరుతో సహా ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాక గానీ అది మా అక్క పేరని నాకు వెలగలేదు. ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలవగా నేనెన్నడూ వినలేదు.

లేచి వెళ్లాను. "పేషెంట్ ఏరి?" అంది.

"రాలేదు" అన్నాను. చనిపోయిందని చెప్పడానికి అంత దూరం వెళ్లినవాణ్ణి, నోటికి 'రాలేదు' అన్న మాటే వచ్చింది.

"ఇంకో డేటు రాయాల్నా అన్నా?" అంది, పెన్ను పట్టుకుని.

"వద్దమ్మా, కొట్టెయ్" అన్నాను.

ఆ అమ్మాయి అక్క పేరు మీద గీత గీసి తర్వాతి పేరు పిలిచింది. వెనక వరసలోంచి ఒక పెద్దామె స్కానింగ్ కవరును రెండు చేతులా పట్టుకుని లేచింది. ఆమెతో పాటు ఇంకెవరూ లేవలేదు.