డాక్టరు బాగున్నాడు

పోయిన వారం ఒంటిమిట్టలో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. బయలుదేరే ముందు మా ఆయన చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా ముందు గదిలోకి పోయి, పలక తీసి సుద్దముక్కతో రాశారు. "డాక్టరు బాగున్నాడు. పెళ్లికి పోయినాడు. ఆదివారం వస్తాడు." దాన్ని తలుపుకు తగిలించి, వంకరగా ఉందేమోనని వెనక్కి జరిగి మరీ చూసుకున్నారు. మాకోసం వచ్చిన కారు డ్రైవరు కొత్తవాడు. అది చదివి నావైపు అనుమానంగా చూశాడు. డాక్టరు లేడని ఏ ఊళ్లోనైనా రాస్తారు, బాగున్నాడని రాస్తారా? కడప దాకా దారి పొడుగునా అతనికి ఆ కథే చెప్పుకుంటూ పోయాను.

కర్నూలు పాతూళ్లో, హంద్రీ ఒడ్డుకు దగ్గరగా మా సందు. ఇంట్లో ముందు గది ఆయన ఆసుపత్రి, వెనక గది నా వంటిల్లు. వచ్చేవాళ్లంతా బేల్దారి పనివాళ్లు, హమాలీలు, ఇళ్లలో పాచిపని చేసుకునేవాళ్లు. వాళ్లకొక అలవాటు. ముందు గదిలో సగం జబ్బు చెప్పి, మందు చీటీ పట్టుకుని, ఇంటి చుట్టూ తిరిగి నా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి మిగతా సగం చెబుతారు. మాత్రలు వేసుకుంటున్నావా అని ఆయనడిగితే తలూపిన మనిషి, అవి తనకు బాగా పడ్డాయి కాబట్టి చెల్లెలికీ సగం ఇస్తున్నానని నాకు చెబుతుంది. పరగడుపునే వచ్చానని రక్తం ఇచ్చిన పెద్దాయన, దారిలో తాగిన టీ సంగతి నా దగ్గర ఒప్పుకుంటాడు. టీ తిండి కాదు కదా అని ఆయన వాదన. మధ్యాహ్నం వడ్డిస్తూ ఇవన్నీ మా ఆయన చెవిన వేస్తాను. వైద్యంలో సగం నాదేనని నేనంటాను. నోటికి మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదని ఆయనంటారు.

కొన్నేళ్ల కిందట ఆ గుమ్మంలోనే పత్తికొండామె నిలబడింది. వానలు లేక సొంతూరు పత్తికొండ వదిలి వచ్చి, ఇక్కడ మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసేది. షుగరుంది. కాలి చిటికెన వేలిని సిమెంటు తినేసి, పుండు నల్లబడింది. పెద్దాసుపత్రికి పోవాలి, ఇంకా జాగు చేస్తే పాదమే పోతుంది అని మా ఆయన చెబితే, సరే సార్ అంది. వెనక్కి తిరిగొచ్చి నాకు అసలు మాట చెప్పింది.

"ఆడికి పోయినోళ్లు నడిసి ఇంటికొచ్చింది నేను సూడలేదమ్మా. మా ఇంటాయన్ని పంపిస్తి. ఇంక సాలు."

ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదు, మా సందు మొత్తానిది. జబ్బు చెయ్యి దాటితే తప్ప అక్కడికి పోరు. అప్పుడు పోతే ఎవరు మాత్రం ఏం చేయగలరు? నింద మాత్రం ఆసుపత్రికి. సంగతి విని మా ఆయన సంగటి ముద్ద అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నారు. మరునాడు పొద్దున్నే ఆటో పిలిచి, ఆమె ఇంటి ముందు ఆపించారు.

"నేనూ వస్తాండా. తిరిగొస్తానో లేదో నువ్వే సూద్దువు గానీ, ఎక్కు."

ఆడమనిషికి తోడుండాలని నేనూ ఎక్కాను. నా ఒళ్లో ఫ్లాస్కు, దుప్పటి, దిండు. ముందు గదికి తాళం. మా ఆయనకు నడుము నొప్పి, అందుకని ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు. మధ్యలో ఇరుక్కున్న పత్తికొండామె ఎవరికీ కనబడలేదు. చూసేవాళ్లకు ఇంకేం కావాలి?

సర్జను చూసి, వేలు తీసేస్తే పాదం దక్కుతుందన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చెప్పి చెప్పి అలసిపోయి మా ఆయన వార్డు తలుపుకెదురుగా ఉన్న బల్ల మీద, మొహాన తువ్వాలు కప్పుకుని కునుకు తీశారు. సరిగ్గా అప్పుడే మా సందు సందంతా అక్కడికి వచ్చిపడింది. పక్కింటి ఖాలా దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. సోడాబండి ఆయన సోడాలు తెచ్చాడు. ఇంకెవరో రాగిగంజి తెచ్చారు. తువ్వాలు కింద మనిషిని చూసి ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఒక హమాలీ మెల్లగా ఆయన పాదం తాకాడు. మా ఆయన ఉలిక్కిపడి లేచి, అలవాటు చొప్పున, ఎవరికేమైందని అడిగారు.

"నీకే గదా సార్" అన్నాడు హమాలీ.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత మంది మమ్మల్ని సొంతం అనుకుంటున్నారని అంతవరకు నాకు తెలియదు. మా ఆయన సిగ్గుపడి, అది కనబడకుండా అందరినీ కోప్పడ్డారు. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని పత్తికొండామెనూ పలకరించి, గంజి ఆమెకిచ్చి పోయారు. మరునాడు మళ్లీ వచ్చారు, మళ్లీ పోయారు. ఆమె ఇటు తిరిగి పడుకుని వాళ్లనే చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకుంది.

"ఏలు తీయమనమ్మా. ఇంతమంది వొచ్చి పోతాండారు. నేనొక్కదాన్నే యాడ నిలిచిపోతా?"

కుంటుతూనే అయినా, తన కాళ్ల మీద తాను నడిచి సందులోకి వచ్చింది. ఇటుకలు మానేసి ఇప్పుడు ఆకుకూరలమ్ముతోంది. పెద్దాసుపత్రికి పొమ్మంటే మా వాళ్లు మునుపటిలా గోడవైపు తిరగడం లేదు. కాకపోతే మా ముందు గదికి తాళం కనబడితే చాలు, గంజి కాచేస్తారు. ఆ భయానికే పలక.

ఆదివారం సాయంత్రం మేం దిగేసరికి మెట్ల మీద పత్తికొండామె గోంగూర కట్ట పట్టుకుని కూర్చుని ఉంది. చదవడం రాదు. పలక మీద ఏముందని అడిగితే చదివి వినిపించాను.

"రాయకపోయినా మాకు తెలుసులేమ్మా. పోయినోళ్లు వస్తారు."

ఏదో ఒకనాడు, బాగున్నాడన్న ఆ మొదటి మాట రాయడానికి వీలుండదు. అది తెలియని వయసు కాదు మాది. కానీ ఆదివారం వస్తానని రాసిన మనిషి ఆదివారమే వచ్చి, చెప్పులు విప్పి, ముందు గది తలుపు తీస్తున్నాడు. నేను పలక దించి తడిగుడ్డతో తుడిచాను. కాలం మాకింకా ఎంత ఇస్తుందో గానీ, సుద్దముక్క మాత్రం సగానికి పైగానే మిగిలి ఉంది.