చింతపండుతో తోమిన తుపాకీ

ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ పొలిమేరలో మా కఫీల్‌కు, అంటే మా వీసాలు చేతిలో ఉన్న అరబ్బు యజమానికి, ఖర్జూర తోట ఉంది. తోట మధ్యలో అతిథుల కోసం కట్టించిన మజ్లిస్, దాని గోడకు ఒక అద్దాల పెట్టె, పెట్టెలో ఒక పాత అమెరికన్ లివర్ రైఫిల్. ఆ పెట్టె తాళంచెవి కొన్నాళ్లు నా దగ్గర ఉండేది. ఇప్పుడు లేదు.

నేను తోటకు వచ్చింది కరోనా తరువాత. అంతకు ముందు కరీంనగర్‌లో ఒక దినపత్రికలో పనిచేశాను. కరోనా ఏడాది పత్రికలో పేజీలు తగ్గాయి, వాటితోపాటు మనుషులూ తగ్గారు. తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడ రాతకోతల పని దొరికింది. వీసా కాగితాలు, డీజిల్ బిల్లులు, కఫీల్ దగ్గరున్న తుపాకుల లైసెన్సులు అన్నీ నేనే చూసుకోవాలి.

ఎన్‌కౌంటర్ల తరువాత పోలీసుల ప్రెస్‌మీట్లలో టేబుల్ మీద పరిచిన తుపాకులనూ, వాటికి కాస్త దూరంగా నేల మీద పడుకోబెట్టిన మనుషులనూ చూసి వార్తలు రాసినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఈ వయసులో ఒక తుపాకీ మీద మనసు పారేసుకున్నానంటే చెప్పుకోవడానికి సిగ్గే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నా భార్యకు ఖర్జూరాల గురించీ ఎండల గురించీ చెప్పేవాణ్ణి. దీని గురించి చెప్పలేదు.

ట్రిగ్గర్ చుట్టూ వేళ్లు దూరేటంత ఇనుప కడియం ఉంటుంది. దాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగిరిపడి, కొత్తది లోపలికి ఎక్కుతుంది. కఫీల్ ఎప్పుడో లోపలి పిన్ను తీయించాడు కాబట్టి అది పేలదు. కానీ ఆ కడియం కిందికి పోయేటప్పుడు ఒక చప్పుడు, పైకి వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు. ఆ రెండూ వినడానికే తుడిచే నెపంతో పెట్టె తెరిచేవాణ్ణి.

దాని నడుమభాగం ఇత్తడి. వందేళ్లు దాటిన ఇత్తడి, పాత బెల్లం రంగుకు తిరిగింది. సేకరించేవాళ్లకు ఆ మసకే ప్రాణం. తోమితే వస్తువు వయసు పోతుంది, ఇక రాదు. మెత్తటి గుడ్డ, చుక్క నూనె, అంతకు మించి ఏదీ తగలనివ్వొద్దని తాళం ఇచ్చిన రోజే కఫీల్ నాకు చెప్పాడు. అతిథులు చేతిలోకి తీసుకుని ఆడించడానికి వేరే రైఫిల్ ఉండేది. అది ఇటలీలో తయారైన నకలు. పాతదిలా కనపడాలని దాని ఇత్తడిని కార్ఖానాలోనే మసకబార్చారు.

మా వంటమనిషిది జగిత్యాల దగ్గరి పల్లె. నాకంటే పదేళ్లు చిన్న. వంట అయ్యాక మజ్లిస్ తుడవడం కూడా అతని పనే. నేను పెట్టె తెరిస్తే చీపురు గోడకు ఆనించి వచ్చి నిలబడేవాడు.

"ఇంకొకపారి ఆడియ్యరాదు అన్న" అనేవాడు.

నేను ఆడించేవాణ్ణి. కథలు చెప్పేవాణ్ణి. గుర్రం మీద కూర్చుని దీన్ని ఎలా వాడేవారో, ఒక్కసారి నింపితే ఎన్నిసార్లు కాల్చవచ్చో, ఇత్తడి ఎందుకు వాడారో. "నీకు గివన్ని ఎట్ల ఎరుక అన్న?" అని అతను నోరు తెరిచి వింటుంటే నాకు బాగుండేది. చెప్పనిది ఒక్కటే, తోమకూడదన్న సంగతి. కథలో ఆ ముక్క చప్పగా ఉంటుంది. డెస్కులో ఉన్నప్పుడు చోటు చాలకపోతే ముందు కొట్టేసేది అలాంటి వాక్యాలనే.

ఆ ఏడు దసరా రోజు నేను వీసా కాగితాల పని మీద ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చింది. ఏసీ బాగుచేసేవాళ్లు వస్తారంటే తాళాల గుత్తి మొత్తం వంటమనిషికి ఇచ్చి వెళ్లాను. తిరిగొచ్చేసరికి వంటింటి వసారాలో చాప పరిచి ఉంది. కత్తులు, ఖర్జూర మట్టలు కోసే కొడవళ్లు, రంపం, మందు కొట్టే పంపు, అన్నింటికీ పసుపు, కుంకుమ. మధ్యలో తుపాకీ. ఇత్తడి ధగధగలాడుతోంది.

"ఎట్లున్నది అన్న?" అన్నాడు వంటమనిషి. వేళ్లు చింతపండు పులుసుకు నాని ముడతలు పడ్డాయి. "పొద్దుగాల్నుంచి తోమిన. నల్లగ పడి ఉంటె పానం ఒప్పలే. ఆయుధమంటె గదే గదా, దసరకు గట్ల మురికితోని పెడ్తమా?"

నీళ్ల మోటారు చూసే సిరిసిల్ల కుర్రాడు పక్కనే నవ్వుతున్నాడు. "తుపాకికి నలుగు పెట్టిండు సార్ మా కాక. ఇగ పిల్లను సూడుండ్రి."

నిజం చెప్పాలంటే మొదట నాకు సంతోషమే కలిగింది. కొత్త ఇత్తడి ఎండలో అంత అందంగా ఉంది. మా ఇళ్లలో నల్లబడ్డ బిందె కనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్లను ఆడిపోసుకుంటారు. ఆ కళ్లతోనే నేనూ చూశాను. ఆ తరువాత కఫీల్ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఏమైంది అన్న?" అన్నాడు అతను.

చెప్పాను. అతను చాప మీద కూర్చుండిపోయాడు. "మల్ల నల్లగ చెయ్యరాదా? పొగ పెడ్త. నూనె పూసి ఎండల పెడ్త." కుదరదన్నాను. "నీ కోసమే తోమిన అన్న. నీకు దాని మీద పానం గదా" అన్నాడు.

సాయంత్రం కఫీల్ వచ్చాడు. మేమిద్దరం మజ్లిస్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాం. ఆయన తుపాకీని రెండు చేతుల్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇత్తడి అంచుల సందుల్లో ఇరుక్కున్న కుంకుమను బొటనవేలితో తుడిచాడు.

"యే కిస్నే కియా?" అన్నాడు.

ఎవరు చేశారన్న ప్రశ్న అది. ఆయన వచ్చేలోపే ఏం చెప్పాలో నిశ్చయించుకునే ఉన్నాను. తాళం ఇచ్చింది నేను, చెప్పాల్సింది చెప్పనిది నేను. అయినా ఆయన అడిగిన క్షణంలో నా తల వంటమనిషి వైపు తిరిగింది. నోరు తెరవలేదు, వేలు చూపలేదు. ఊరికే అతని వైపు చూశాను.

"మై కియా అర్బాబ్. హమారా త్యోహార్" అన్నాడు అతను, చేతులు కట్టుకుని. నేనే చేశాను దొరా, మా పండగ అని.

అప్పుడు నేను అందుకున్నాను. తప్పు నాదన్నాను, అతనికి తెలియదన్నాను. "తుమ్కో మాలూమ్ థా?" అని కఫీల్ నన్ను అడిగాడు. నాకు తెలుసన్నాను. ఆయన అరవలేదు. తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. "ఖలాస్", ఇక అయిపోయింది, అని కారెక్కి వెళ్లిపోయాడు.

వంటమనిషి వీసా గడువు దగ్గరపడింది. ఊళ్లో అతని ఇల్లు గోడల దాకా లేచి ఆగి ఉంది. ఈసారి వీసా తిరిగి రాయకపోతే ఆ గోడల మీద కప్పు పడదు. అందరి కాగితాలతోపాటు అతనివీ కఫీల్ ముందు పెట్టాను. అందరివీ సంతకమయ్యాయి. అతని కాగితాన్ని వేలితో పక్కకు జరిపి "రఖో" అన్నాడు, ఉండనీ అని. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వంటమనిషి మాత్రం రోజూ అడిగేవాడు. "అయ్యిందా అన్న?" కాలేదనేవాణ్ణి. "కానియ్యి" అని గిన్నెలు కడగడానికి పోయేవాడు.

ఆ రోజుల్లోనే కఫీల్ నకలు రైఫిల్‌ను అద్దాల పెట్టెలో పెట్టించి, అసలుదాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. అతిథులు వచ్చి పెట్టె ముందు నిలబడి, ఎంత పాతదో చూడండని ఒకరికొకరు చెప్పుకునేవారు. కఫీల్ ఏమీ అనేవాడు కాదు. నావైపు చూసేవాడూ కాదు. నేను కాఫీ కప్పులు సర్దుతూ తల వంచుకునేవాణ్ణి.

గడువు దాటడానికి కొద్ది రోజుల ముందు కఫీల్ అతని కాగితం అడిగి తీసుకుని సంతకం చేశాడు. కారణం చెప్పలేదు. వంటింట్లోకి పరిగెత్తినట్టే వెళ్లి చెప్పాను. అతను కళ్లను భుజానికి రాసుకున్నాడు. మధ్యాహ్నం సేమియా పాయసం వండి అందరికీ పంచాడు. నా గిన్నె తనే తెచ్చాడు. నేను తింటుంటే ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"ఒకటి చెప్త, ఏమనుకోకు అన్న" అన్నాడు. "ఆ దినం అర్బాబ్ అడుగంగనే నువ్వు నా దిక్కు చూసినవ్ గదా. గప్పుడే అనుకున్న, ఇగ నేను ఇంటికే అని."

కోపంగా అనలేదు. గడిచిన గండం చెప్పుకుంటున్నట్టు, కొంచెం నవ్వుతూనే అన్నాడు. అలా చూడలేదని అనాలని నోటిదాకా వచ్చింది. గిన్నె ఖాళీ చేశాను.

"ఇంకింత ఎయ్యనా?" అని గిన్నె అందుకున్నాడు. వెయ్యమన్నాను.