పెద్దమ్మ తెరిచి ఉంచిన అరచేయి

రంగూన్ రేవు వెనక మా కూలీ లైన్లో అందరం పెద్దమ్మ అని పిలిచే ముసలామె కిందటి నెల పోయింది. సరిగ్గా ఏ క్షణాన పోయిందో ఎవరికీ తెలియదు. సాయంత్రం పిల్లలతో దాగుడుమూతలు ఆడిస్తూ, అరుగు మీద గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని ఉంది. పిల్లలు ఎప్పటిలాగే దాక్కుని, ఒక్కొక్కరే పరుగెత్తుకొచ్చి ఆమె అరచేతిని ముట్టుకున్నారు. చివరికి పక్కింటి పిల్ల నా దగ్గరికి వచ్చి, “అక్కా, పెద్దమ్మ సెయ్యి సల్లగున్నాదే” అంది. నేను వెళ్ళేసరికి ఆ చేయి మోకాలి మీద వెల్లకిలా తెరిచే ఉంది. స్నానం చేయించేటప్పుడు వేళ్ళు మడవబోతే మడతపడలేదు. అలాగే తీసుకెళ్ళారు.

ఆమె గురించి రాయడానికి ఏముందని మా ఆయన అడిగాడు. ఆయన పెద్దయ్యాక ఈ ఊరొచ్చిన మనిషి, ఆమె చేసిన బొంగరం తిప్పి ఎరగడు. యుద్ధం ముగిసిన ఏడు మా నాన్న మమ్మల్ని స్టీమరెక్కించి ఇక్కడికి తెచ్చినప్పుడు, నాకు మొదట దొరికిన బొమ్మలూ స్నేహమూ ఆ అరుగు మీదే దొరికాయి.

లమ్మడా బజార్లో ఎన్ని ఆటవస్తువులు అమ్మినా పెద్దమ్మ ఒక్కటీ కొననిచ్చేది కాదు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టి గాలిపటాలకు జిగురు కాచేది. చిరిగిన లుంగీ పీలికల్ని గోనె పురికొసతో బిగించి బంతి కట్టేది. కలప అడితిలో పారేసిన టేకు ముక్క చెక్కితే బొంగరం, పగిలిన పెంకు అరగదీస్తే తొక్కుడుబిళ్ళ. “కొన్న బొంగరం ఎవుడైనా తిప్పుతాడు. సేసినోడికే దాని పొగరు తెలస్తాది” అనేది. నా మొదటి బొంగరం తిరగకుండా పడిపోతే, నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంత నవ్వే మనిషి, దాగుడుమూతలకు కూర్చుంటే మాత్రం నవ్వేది కాదు.

ఆ ఆటలో దొంగ కళ్ళు మూసే మనిషిని తల్లి అంటారు. మా లైన్లో ఎప్పుడూ పెద్దమ్మే తల్లి. దొంగను వదిలాక కూడా ఆమె కళ్ళు తెరిచేది కాదు. తన చూపు ఎటు పోతే అటు దొంగ పరుగెత్తుతాడని ఆమె వాదన. దొరికినా, దొరక్కపోయినా ప్రతి పిల్లా వచ్చి ఆమె చేతిని ముట్టుకోవాలి. ముట్టుకునే ముందు అరుగు చివర ఉన్న కొబ్బరిచిప్పల్లో తన రంగులో వేలు ముంచాలి. పసుపు, దీపం మసి, ఇటుక పొడి, నీలిమందు, పసుపులో సున్నం కలిపిన ఎరుపు. అన్నీ ఆమె గంజిలో కలిపి చేసినవే. ఆట ముగిశాక అరచేయి చూసుకుంటే ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలిసిపోయేది.

ఒక చిప్పలో తనాకా ఉండేది. బర్మా పిల్లలు బుగ్గలకు పూసుకునే చలవ గంధం అది. రోజూ చెక్కను రాతి మీద కొత్తగా అరగదీసి పెట్టేది. అందులో ఎవరూ వేలు పెట్టేవాళ్ళం కాదు. అది ఎవరిదో మా అమ్మ చెప్పింది.

నేను రాకముందు సంగతి. అప్పట్లో రంగులు లేవు. పెద్దమ్మ చేతికి తగిలిన తాకిళ్ళనే లెక్కపెట్టుకునేది. ఒక సాయంత్రం ఎవరో తమాషాకి రెండుసార్లు ముట్టుకున్నారు. లెక్క సరిపోయింది. అందరూ వచ్చేశారనుకుని, “ఆట సరీ! ఇళ్ళకి రండర్రా!” అని కేకేసి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఒడ్డున టేకు దుంగల మధ్య దాక్కునే ఉన్నాడు. కలప మిల్లు కూతలో వాడికి ఆ కేక వినపడలేదు. నదికి పోటు వచ్చి దుంగలు కదిలాయి. తర్వాత ఎంత వెతికినా వాడు దొరకలేదు. వాడికి తనాకా అంటే ఇష్టమట, బర్మా పిల్లల్లాగ ముఖమంతా పూసుకు తిరిగేవాడట.

ఆనాటి నుంచి పెద్దమ్మ ‘ఆట సరి’ అనలేదు. మా అమ్మలు పిలిస్తే మేం వెళ్ళిపోయేవాళ్ళం. ఆమె చేయి తెరుచుకుని, నదివైపు నుంచి గాలి వీస్తే కొంచెం పక్కకు జరిగి, అరుగు మీద చోటిచ్చి కూర్చునేది. నాకు ఆమె అంటే ప్రాణం. ఆ ఖాళీ చోటంటే మాత్రం భయం.

ఒకసారి దేశం నుంచి ఆమె మేనల్లుడు వచ్చి తీసుకుపోతానన్నాడు. “అత్తా, ఇక్కడేటుంది నీకు?” అని బతిమాలాడు.

“నాను ఎలిపోతే ఆడొచ్చి ఎవుల సెయ్యి ముట్టుకుంతాడురా? ఆట అవనేదు కదా” అంది. అతను ఏడ్చుకుంటూ స్టీమరెక్కాడు. లైన్లో కొందరు ఆమెకు మతి చలించిందన్నారు. అన్నవాళ్ళే మర్నాడు పిల్లల్ని ఆమెకు అప్పగించి పనికి పోయారు.

ఆమె పోయిన రోజు, స్నానం చేయించే ముందు ఆ చేతిని నేను చూశాను. అన్ని రంగులూ ఉన్నాయి. తనాకా ఒక్కటి లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

పెద్దకర్మ అయిన సాయంత్రం పిల్లలు ఆ అరుగు ముందు ఊరికే నిలబడ్డారు. చిప్పలు ఎండిపోయి ఉన్నాయి. రంగులు నేనే కలిపాను. తనాకా కూడా అరగదీశాను, ఉండబట్టలేకపోయాను. దొంగను వదిలి, నేనూ కళ్ళు మూసుకుని చేయి తెరిచాను. తడి వేళ్ళు ఒక్కొక్కటే తగిలి వెళ్ళాయి. కాసేపటికి అందరి మాటలూ దూరంగా కుళాయి దగ్గర వినిపించాయి.

అప్పుడు ఇంకో చేయి తగిలింది. అన్నీ తగిలి పారిపోయాయి, ఇది ఆగింది. చల్లగా ఉంది. తనాకా వాసన కింద నదిబురద వాసన వచ్చింది. అది వదిలేదాకా నేను కళ్ళు తెరవలేదు.

ఏ పిల్ల అల్లరో అంటాడు మా ఆయన. కావచ్చు. నేను ఎవరినీ అడగలేదు. “ఆట సరీ! ఇళ్ళకి రండర్రా!” అని కేకేశాను. ఆ కేక ఎన్నడూ వినని పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లైన్లో దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చున్నాను. నా అరచేతిలో రంగులన్నిటి పైన చిన్న వేళ్ళ గుర్తులు తెల్లగా ఆరుతున్నాయి. పూర్తిగా ఆరాక, పెద్దమ్మ మడవలేకపోయిన వేళ్ళకు బదులు నా వేళ్ళను మెల్లగా మడిచాను.